దుబాయ్ ప్రయాణం, అమ్మ మందులు

కావలి నుంచి అమ్మ దుబాయ్‌లో ఉన్న చెల్లి దగ్గరకు బయల్దేరేటప్పుడు, వీసా కంటే మందుల గురించే నాకు టెన్షన్ పట్టుకుంది. షుగర్ వల్ల వచ్చిన కాళ్ల మంటలకు ఆమె ప్రీగాబాలిన్ వాడుతుంది. యూఏఈలో అది నియంత్రణలో ఉన్న మందు. నొప్పి, దగ్గు మందుల్లో ఉండే ట్రమడాల్, కోడీన్ కూడా అంతే. వెళ్లకముందే అక్కడి ప్రభుత్వ వెబ్‌సైట్‌లో అనుమతి తీసుకోవాలి.

మా దగ్గరున్న డాక్టర్ మందుల చీటీలో బ్రాండ్ పేరే ఉంది, అదీ చేతిరాత. నెల్లూరులో డాక్టర్ గారికి విషయం చెప్తే, జబ్బు, మందు అసలు పేరు, మోతాదు, ఎన్నాళ్లు వాడాలో లెటర్‌హెడ్ మీద ఇంగ్లీషులో టైప్ చేయించి, సంతకం, ముద్ర వేసి ఇచ్చారు. అమ్మ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించాను. ఇది మాత్రం మర్చిపోవద్దు, మన చీటీల్లో ఇంటిపేరు చాలాసార్లు ఒక్క అక్షరంతో సరిపెడతారు.

ఆ కాగితాలతో దరఖాస్తు పెడితే అనుమతి వచ్చింది. మాత్రలు డబ్బాలోకి మార్చకుండా షీట్లుగానే, బిల్లుతో కలిపి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టాం. ఇన్సులిన్ కూడా అందులోనే. చెక్-ఇన్ సామానులో వేస్తే చలికి గడ్డకట్టి పాడయ్యే ప్రమాదం ఉంది. చెన్నైలో ఎవరూ ఏమీ అడగలేదు. దుబాయ్‌లో కాగితాలు అడిగారట, చూసి పంపించేశారు.