జియోథర్మల్ హీట్ పంపు: బోరు నుంచి వేన్నీళ్ల దాకా

మిషిగన్, మిన్నెసోటా లాంటి చలి రాష్ట్రాల్లో బయట మంచు ఎంత పడినా ముప్ఫై అడుగుల లోతున నేల ఏడాదంతా సుమారు 45–50 డిగ్రీల ఫారెన్‌హీట్‌లోనే ఉంటుంది. హీట్ పంపు చలికాలంలో ఆ వేడిని తోడి ఇంట్లోకి తెస్తుంది, ఎండాకాలంలో ఇంటి వేడిని అక్కడికే దింపుతుంది. పని సరిగ్గా జరిగితే ఒక యూనిట్ కరెంటుకు మూడు నాలుగు యూనిట్ల వేడి వస్తుంది. ఖర్చులో పెద్ద వాటా భూమిలోకే పోతుంది. తప్పు జరిగితే సరిదిద్దడం కష్టమైనదీ అక్కడే.

పాత ఫర్నేస్ సైజు చూసి టన్నులు చెప్పే కాంట్రాక్టరుకు దండం పెట్టి పంపించండి. గోడలు, కిటికీలు, ఇన్సులేషన్ గది గదికీ లెక్కగట్టే 'మాన్యువల్ జె' చేయించండి. టన్ను అంటే మిషన్ సామర్థ్యానికి కొలత, గంటకు 12,000 బీటీయూల వేడి. నిలువు బోరైతే టన్నుకు 150–200 అడుగుల లోతు కావాలి, పొడి ఇసుక నేలైతే ఇంకా ఎక్కువ. బోరుకీ బోరుకీ మధ్య 15–20 అడుగుల ఎడం ఉండాలి. లోపల నీళ్లు తిరగడానికి యూ ఆకారంలో దింపే హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపును వేడితో అతికించాలి, భూమిలో క్లాంపుల జాయింట్లు ఒప్పుకోవద్దు. పైపు చుట్టూ ఖాళీని పూడ్చే గ్రౌట్ ముద్దను గొట్టం ద్వారా అడుగు నుంచి పైకి నింపాలి. పైనుంచి కుమ్మరిస్తే మధ్యలో ఖాళీలు మిగిలి అక్కడ వేడి అందదు.

తర్వాత పైపుల్లోంచి గాలి తీయడం. ప్రతి పైపులోనూ నీళ్లు సెకనుకు కనీసం 2 అడుగుల వేగంతో పారాలి. మిషన్‌తో వచ్చే చిన్న పంపుకు అంత శక్తి ఉండదు, ఫ్లష్ కార్టు (పెద్ద పంపూ నీళ్ల టబ్బూ ఉన్న బండి) తెప్పించాలి. దాని రిటర్న్ వాల్వు ఒక్కసారిగా మూసి టబ్బులో మట్టం చూడండి. ఒకటి రెండు అంగుళాలకు మించి దిగిందంటే పైపుల్లో ఇంకా గాలి ఉంది. నీళ్లు గడ్డకట్టకుండా ఆపే ప్రొపిలీన్ గ్లైకాల్‌ను 25 శాతం కలిపితే సుమారు 15 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా గడ్డకట్టవు. కలిపాక మిషన్ కంట్రోల్ బోర్డు మీద ఫ్రీజ్ సెట్టింగు (ఎంత చల్లబడితే మిషన్ ఆగాలో చెప్పేది) మార్చారా అని తప్పకుండా అడగండి. చాలా మిషన్లు 30 డిగ్రీల దగ్గర ఆగిపోయే, ఉత్త నీళ్లకు సరిపోయే సెట్టింగుతోనే వస్తాయి. జనవరి రాత్రి మిషన్ తనంతట తానే ఆగిపోయి లాకౌట్ అవడానికి చాలాసార్లు కారణం ఇదే.

కాంట్రాక్టరు వెళ్లేలోపే మిషన్‌లోకి వచ్చే నీటికీ బయటికి పోయే నీటికీ ఉష్ణోగ్రతలో తేడా కొలిపించండి. టన్నుకు నిమిషానికి 3 గ్యాలన్లు పారుతుంటే హీటింగ్‌లో 5–7 డిగ్రీలు, కూలింగ్‌లో 9–12 ఉండాలి. అంతకంటే బాగా ఎక్కువుంటే నీళ్లు చాలట్లేదు: గాలో, పంపో చూడాలి. మరీ తక్కువైతే లోపం రిఫ్రిజెరెంట్ (మిషన్ లోపల వేడిని మోసే గ్యాసు) వైపు ఉండొచ్చు.

వేన్నీళ్లకు డీసూపర్‌హీటర్ తీసుకోండి. కంప్రెసర్ నుంచి వచ్చే వేడి గ్యాసుతో నీళ్లను ముందే కాస్తుంది, కూలింగ్ సీజన్లో దాదాపు ఉచితం. దీనికి రెండు ట్యాంకులు కావాలి: మొదటిది కరెంటు లేని ఉత్త ట్యాంకు, అందులోంచి మామూలు హీటరుకు. ఒకే ట్యాంకుతో సరిపెడితే హీటర్ ముందే నీళ్లు కాచేస్తుంది, డీసూపర్‌హీటరుకు పనుండదు. మిషన్ ఆడని వసంతంలో, శరత్తులో పాత హీటరే గతి.

హైదరాబాద్‌లో పెట్టించుకోవచ్చా అంటే, అనవసరం. అక్కడ నేలే సుమారు 27 సెల్సియస్. ఏడాదంతా వేడి దింపడమే తప్ప తోడేది లేక బోరు చుట్టూ నేల వేడెక్కిపోతుంది.

అమెరికాలో 30 శాతం ఫెడరల్ పన్ను రాయితీ 2025 డిసెంబరు 31తో ముగిసింది, కొటేషన్లో ఇంకా అది కనిపిస్తే ఒప్పుకోకండి. కరెంటు కంపెనీ రిబేటు విడిగా అడగండి. రాత్రిళ్లు థర్మోస్టాట్ బాగా తగ్గించే ఫర్నేస్ అలవాటు మానేయండి. పొద్దున్నే ఒక్కసారిగా పెంచితే కరెంటుతో కాలే ఆక్జిలరీ కాయిల్స్ వెలిగి, ఆదా అయిందంతా బిల్లులో పోతుంది.