సంక్రాంతికి ఊరెళ్లే ముందు: కిడ్నీ మార్పిడి అయినవాళ్లకు, ఇంట్లోవాళ్లకు

మా ఆయనకు కిడ్నీ మార్పిడి జరిగి నాలుగేళ్లయింది. కిడ్నీ నేనే ఇచ్చాను. ధనుర్మాసం వచ్చి, పటమటలో మా వీధి ముగ్గుల్లో గొబ్బెమ్మలు కనబడగానే నాకు పండగతోపాటు దిగులూ మొదలవుతుంది. తెనాలి దగ్గర అత్తయ్యగారింట్లో రెండు గేదెలు, ఓ ఆవు, దొడ్డి వెనక గడ్డివాము. పండక్కి వెళ్లొద్దని నేను ఎవరికీ చెప్పను. ఎక్కడ నిలబడకూడదో తెలుసుకుని వెళ్లండి.

కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా వేసుకునే టాక్రోలిమస్, మైకోఫినోలేట్, స్టెరాయిడ్ ఒంట్లో కాపలాను తగ్గించేస్తాయి. మామూలువాళ్లను పెద్దగా ఏమీ చేయని క్రిములు వీళ్ల ఊపిరితిత్తుల్లో పాగా వేస్తాయి. రోడోకాకస్ ఈక్వి అని ఒక బ్యాక్టీరియా ఉంది. 1923లో స్వీడన్‌లో, నిమోనియా వచ్చిన గుర్రప్పిల్లల్లో దీన్ని మొదట గుర్తించారు. మనిషిలో మొదటి కేసు 1967లో బయటికొచ్చింది, అతనూ ఇలాంటి మందుల మీద ఉన్నవాడే. గుర్రాలు, పశువుల పేడ కలిసిన మట్టిలో ఉండి, ఎండిన దుమ్ముతో లోపలికి పోతుంది. ఊపిరితిత్తిలో పుండు పడి గుల్లవుతుంది. ఎక్స్‌రేలో టీబీలాగే కనిపిస్తుంది, కఫం పరీక్షలో టీబీకి వాడే రంగు కూడా కొంత పట్టుకోవచ్చు. టీబీ అనుకుని, మార్పిడి డాక్టరుకు తెలియకుండా రిఫాంపిసిన్ అనే టీబీ మందు మొదలుపెడితే రక్తంలో టాక్రోలిమస్ మోతాదు (టాక్రో లెవెల్) పడిపోయి కిడ్నీకే ముప్పొస్తుంది. అరుదైన జబ్బే. అరుదు కాబట్టే ఎవరికీ వెంటనే తట్టదు.

అందుకే దొడ్డి ఊడుస్తున్నప్పుడు, పిడకలు దించుతున్నప్పుడు, వాములోంచి గడ్డి లాగుతున్నప్పుడు ఆ చుట్టుపక్కల ఉండకూడదు. నిరుడు భోగి ముందురోజు పొద్దున మా ఆయన వాము దగ్గర నిలబడి గడ్డి లాగుతున్నారు. ఏటవాలు ఎండలో ఆ దుమ్ము ఆయన మొహం చుట్టూ బంగారు పొడిలా తిరుగుతోంది. నాకు గుండె ఆగినంత పనైంది. బూజు పట్టిన గడ్డిలో ఆస్పర్జిల్లస్ ఫంగస్ కూడా ఉంటుంది. ఎన్95 మాస్కు కొంత ఆపుతుంది, కానీ మాస్కు ఉంది కదా అని దొడ్లోకి దిగొద్దు. కనుమ నాడు పశువులకు బొట్టు పెట్టడం, కడగడం పిల్లలకు వదిలేయండి.

మేక గానీ ఆవు గానీ ఈనుతుంటే ఆ దరిదాపులకే వెళ్లొద్దు. మాయలో, ఉమ్మనీటిలో క్యూ ఫీవర్ అనే జ్వరం తెచ్చే క్రిమి విపరీతంగా ఉండొచ్చు, గాల్లోనూ వ్యాపిస్తుంది. పచ్చిపాలు ముట్టుకోవద్దు.

ఊళ్లోనే కాదు, బెజవాడ అపార్టుమెంట్లలోనూ ఉంది ముప్పు. ఏసీ పెట్టె వెనక పావురాల రెట్ట ఎండి పొడి అవుతుంది. అందులో ఉండే క్రిప్టోకాకస్ అనే ఫంగస్ ఊపిరితిత్తుల్లో మొదలై మెదడుకు చేరగలదు. రోగి ఇంట్లో లేనప్పుడు, రెట్టను నీళ్లతో బాగా తడిపి, ఇంకొకరు తీయాలి. పొడిగా చీపురు వేయకూడదు. చిలకల పంజరం కూడా అంతే. కుక్క ఉంటే, దానికి ముక్కులో చుక్కలుగా వేసే దగ్గు టీకాలో బతికున్న క్రిమి ఉంటుంది, వేయించేటప్పుడు ఇంకెవరైనా పట్టుకోవాలి.

ఇక నిరుడు మేం చేసిన తప్పు. పండగ తర్వాత ఆయనకు దగ్గు పట్టింది. "మామూలు దగ్గేనమ్మా" అని మందుల షాపులో క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు, నేనూ తెచ్చి వేసేశాను. నాలుగో రోజుకు కాఫీ గ్లాసు పట్టుకుంటే చేతులు వణికి చొక్కా మీద ఒలికింది. పరీక్ష చేయిస్తే టాక్రో లెవెల్ బాగా పెరిగిపోయింది, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా ఎక్కింది. ఆ మందు టాక్రోను ఒంట్లోంచి పోనివ్వదట. డాక్టరుగారు మార్చాక తగ్గింది గానీ ఆ వారం నేను నిద్రపోలేదు.

కాబట్టి సొంతంగా ఏ మాత్రా వద్దు. జ్వరం 100 దాటినా, దగ్గు రెండు మూడు రోజులు వదలకపోయినా, ఆయాసం, రాత్రి చెమటలు, తగ్గని తలనొప్పి ఉన్నా వెంటనే మార్పిడి చేసిన ఆసుపత్రికి ఫోన్ చేయండి. స్టెరాయిడ్ జ్వరాన్ని దాచేస్తుంది, ఒళ్లు కాలలేదని ఊరుకోవద్దు. రిజెక్షన్ (ఒళ్లు కిడ్నీని తిప్పికొట్టడం) వచ్చి మందులు పెంచిన నెలల్లో ఇంకా భయపడాలి. డాక్టరుగారు అడక్కపోయినా మీరే చెప్పండి: "పండక్కి ఊరెళ్లామండీ, గడ్డివాము దగ్గర ఉన్నారు, ఇంట్లో గేదెలున్నాయి" అని. ఆ మాట వింటే కఫాన్ని కల్చర్‌కు (క్రిమిని పెంచి చూసే పరీక్షకు) పంపేటప్పుడు ల్యాబుకు ఏం వెతకాలో రాసి పంపుతారు. లేకపోతే ఈ రోడోకాకస్‌ను గొంతులో మామూలుగా ఉండే క్రిమి అనుకుని పక్కన పెట్టేసే అవకాశం ఉంది.

ఈసారి సంచిలో రెండు రోజుల మాత్రలు ఎక్కువ పెట్టాను, థర్మామీటరు, మందుల పేర్లు రాసిన కాగితం పెట్టాను. అత్తయ్యకు ముందే ఫోన్ చేసి చెప్పాను, ఆయనకు వీధివైపు గదిలో పక్క వేయమని.