ఊళ్లో గృహహింసపై ప్రచారం: డ్వాక్రా సమావేశం నుంచి మొదలుపెట్టండి

ర్యాలీ, మైకు తర్వాత. ముందు డ్వాక్రా సంఘాల నెలవారీ సమావేశంలో ఒక అరగంట అడిగి తీసుకోండి. పది, పన్నెండు మందే ఉంటారు కాబట్టి మాట సాగుతుంది. అయితే 'మీలో ఎవరిని కొడుతున్నారు?' అని మాత్రం అడగొద్దు. పక్కనే తోటికోడలో ఆడపడుచో కూర్చుని ఉంటుంది, సాయంత్రానికల్లా మాట ఇంటికి చేరుతుంది, ఆ రాత్రి దెబ్బలు ఆమెకే. 'పక్కింట్లో అరుపులు వినిపిస్తే మనమేం చేద్దాం?' అనండి, వాళ్లే నోరు విప్పుతారు.

2005 గృహహింస చట్టం ప్రకారం తిట్లు, జీతం లాక్కోవడం, ఇంట్లోంచి గెంటేయడం కూడా హింసే. ఇల్లు ఆమె పేరున లేకపోయినా అందులో ఉండే హక్కు ఆమెకుంది. ఈ ఒక్క మాట చాలామందికి తెలియదు, రెండుసార్లు చెప్పండి.

నంబర్లు: మహిళా హెల్ప్‌లైన్ 181, ప్రాణం మీదికొస్తే 112, ఉచిత న్యాయ సహాయానికి 15100. జిల్లాలోని సఖి కేంద్రంలో తాత్కాలిక ఆశ్రయం, వైద్యం, న్యాయ సలహా దొరుకుతాయి.

వీటిని రచ్చబండ దగ్గర కాకుండా ఆసుపత్రిలో ఆడవాళ్ల మరుగుదొడ్డి తలుపుకు లోపలివైపు అంటించండి. చేతికిచ్చే చీటీ అగ్గిపెట్టెంత చాలు, దానిమీద 'గృహహింస' అన్న మాట వద్దు. ఫోన్ చేశాక ఆ నంబరును కాల్ లిస్టులోంచి తీసేయడం కూడా నేర్పండి. పోస్టర్ల మీద కమిలిన ముఖాలు వేయకండి, అంత దెబ్బ తగిలితేనే హింస అనుకుంటారు.

ఎవరైనా వచ్చి చెప్పుకుంటే పెద్దమనుషుల రాజీకి తీసుకెళ్లొద్దు. ఆమె సరేనంటేనే 181కి ఫోన్ కలపండి, పేరు మీ బృందంలో కూడా చెప్పకండి.