సాయినాథ్ రైతు కథనాలను పరీక్షించి చదవడం ఎలా?

గ్రామీణ పాత్రికేయుడు పాలగుమ్మి సాయినాథ్ కథనాలను పరీక్షించదలచిన పాఠకుడు ఆయన ఎవరి పక్షమో ఆరా తీయనక్కరలేదు. గ్రామీణ పేదల పక్షమని ఆయనే దాచుకోలేదు. తేల్చుకోవలసినది, ఆయన చూపే ఆధారాన్ని ఆయనతో విభేదించేవాడు కూడా సొంతంగా సరిచూసుకోగలడా అన్నదే.

రైతుల ఆత్మహత్యల విషయంలో ఆ ఆధారం ప్రభుత్వానిదే. జాతీయ నేర నమోదు సంస్థ 1995 నుంచి ఈ మరణాలను విడిగా లెక్కిస్తోంది. మద్రాసు అభివృద్ధి అధ్యయన సంస్థ ఆచార్యుడు కె. నాగరాజ్ ఆ పట్టికలను విశ్లేషించగా, సాయినాథ్ వాటిని విస్తృతంగా ప్రచారంలోకి తెచ్చారు. 1995 నుంచి 2010 వరకు ఆ మొత్తం 2,56,913. కాబట్టి కథనంలో ఒక సంఖ్య కనిపించగానే ఆ ఏటి నివేదిక తెరిచి, వృత్తుల వారీ పట్టికను, అంతకన్నా ముఖ్యంగా ఆ పట్టికలో 'రైతు' అంటే ఎవరో చెప్పే నిర్వచనాన్ని చదవండి. 2013లో 11,772గా ఉన్న సంఖ్య 2014లో 5,650కి దిగింది. సగానికి సగం తగ్గిందని సంబరపడేముందు, అదే ఏడాది వ్యవసాయ కూలీలను వేరే వరుసలోకి మార్చారనీ, అక్కడ మరో 6,710 మంది ఉన్నారనీ గమనించాలి. రెండు వరుసలను కలిపితే 12,360.

తరువాత చూడవలసినది మొత్తం రైతులెందరన్నది. మరణాల సంఖ్య నిలకడగా ఉందనే వాదన వినిపించినప్పుడు, 1991, 2011 జనగణనల మధ్య ప్రధాన వృత్తిగా సేద్యం చేసేవారు దాదాపు కోటిన్నర తగ్గారన్న విషయాన్ని దాని పక్కన పెట్టాలి. రైతులు తగ్గినా మరణాల సంఖ్య తగ్గకపోతే రైతుల్లో మరణాల రేటు పెరిగినట్టే. సాయినాథ్ వాదనలో గట్టి భాగం ఇదేనని నా అభిప్రాయం.

లెక్కలోకే రానివారి సంగతి మన ప్రాంతంలో మరీ ముఖ్యం. పట్టా లేని కౌలు రైతు, భర్త పేరిట ఉన్న పొలంలో జీవితమంతా పనిచేసిన మహిళ చనిపోతే వారిని రైతులుగా నమోదు చేయడం అరుదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 నాటి 421వ జీవో ప్రకారం ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ సహాయ సంచాలకుడు ఉన్న త్రిసభ్య కమిటీ నిర్ధారిస్తేనే కుటుంబానికి పరిహారం అందేది. అందువల్ల పరిహారం పొందినవారి జాబితాను మరణాల జాబితాగా చదవకూడదు.

అంకెలు బలంగా ఉన్నంత మాత్రాన కారణాలు కూడా రుజువైనట్టు కాదు. ఒక కుటుంబం అప్పు కథ నుంచి దేశ వ్యవసాయ విధానం దాకా ఆయన వేసే అంగ ఒక వాదన. చదువుతూ పెన్సిలుతో దాన్ని వేరుగా గుర్తించుకోవడం మంచిది.

ఎవరైనా సరిచూసుకోగల ఆధారం చూపే పద్ధతి 2009 మహారాష్ట్ర ఎన్నికల నాటి చెల్లింపు వార్తల (డబ్బు తీసుకుని వార్తల రూపంలో వేసే ప్రచారం) మీది కథనాల్లో ఇంకా తేటగా కనిపిస్తుంది. అప్పటి ముఖ్యమంత్రిని పొగిడే ఒకే వ్యాసం వేర్వేరు పత్రికల్లో వేర్వేరు పేర్లతో వచ్చిందని చూపి, దాన్ని అభ్యర్థిగా ఆ ముఖ్యమంత్రి సమర్పించిన ఖర్చు లెక్కతో సాయినాథ్ పోల్చారు. పత్రికలూ లెక్కా ఎవరైనా చూడగలిగినవే. ఆ వివాదం ఎన్నికల సంఘానికీ న్యాయస్థానానికీ చేరింది.

కీర్తి విషయంలో 2007 నాటి మెగసెసే పురస్కారం కన్నా ఆయన కాదన్నవి ఎక్కువ చెబుతాయి. తాము వార్తలు రాసే ప్రభుత్వాల నుంచి పాత్రికేయులు బహుమతులు తీసుకోరాదంటూ 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ వైఎస్సార్ జీవిత సాఫల్య పురస్కారాన్ని ఆయన తిరస్కరించారు. అయితే నిజాయితీకి గుర్తైన ఈ తిరస్కారం ఏ కథనానికీ రుజువు కాదు.

మీ డివిజన్‌లో రైతు ఆత్మహత్యల లెక్కను సరిచూడదలిస్తే, త్రిసభ్య కమిటీకి ఎన్ని కేసులు వచ్చాయి, ఎన్నింటిని ఏ కారణంతో తోసిపుచ్చారు అని సమాచార హక్కు చట్టం కింద ఆర్డీవో కార్యాలయాన్ని అడగండి. దరఖాస్తు రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. బాధిత కుటుంబాల పేర్లు అడగవద్దు. సంఖ్యలు, కారణాలు చాలు.