జకరండా నాటేముందు మట్టిదిబ్బ పోయండి
కడియం నర్సరీల నుంచి జకరండా మొక్క తెచ్చుకునేవాళ్లకి ఒక్క మాట. మన డెల్టాలో దానికి గొయ్యి తవ్వొద్దండి. ఈ ఊదాపూల చెట్టు పుట్టిల్లు దక్షిణ అమెరికాలో అర్జెంటీనా, బొలీవియా వైపు. పోర్చుగల్‌లోని లిస్బన్ వీధుల్లోనూ బాగా పెంచుతారు. లిస్బన్‌లో వానలు చలికాలంలో పడతాయి, ఎండాకాలం నేల పొడిగా ఉంటుంది. మనకేమో జూన్ నుంచి అక్టోబరు దాకా నేల నానుతూనే ఉంటుంది.

మొక్క ఎర్రమట్టి ముద్దతో వస్తుంది. దాన్ని మన నల్ల బంకమట్టి గోతిలో పెడితే చుట్టూ నీళ్లు కుండలో ఉన్నట్టు నిలబడిపోతాయి. మా పెరట్లో మొదటి మొక్క అలాగే పోయింది. ఆగస్టులో ఆకులు పసుపెక్కి రాలాయి. పీకి చూస్తే వేళ్లు నల్లబడి ఉన్నాయి, పట్టుకుంటే తొక్క జారి చేతికొచ్చింది, ఒకటే మురుగు వాసన. ప్రాణం ఉసూరుమంది.

రెండోసారి అడుగున్నర ఎత్తు, నాలుగడుగుల వెడల్పున దిబ్బ పోశాను. ఎర్రమట్టి, కొంచెం ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు. కవరు కోసేసి, గుండ్రంగా చుట్టుకున్న వేళ్లని చేత్తో మెల్లగా విడదీసి పెట్టాను. కాండం మొదట్లో వేళ్లు విచ్చుకునే చోటు పైకి కనబడాలి, అది మాత్రం పూడ్చకండి.

కాలవలు కట్టేసే ఎండాకాలంలో, మొదటి రెండేళ్లూ వారానికి రెండుసార్లు రెండేసి బిందెలు పోస్తే చాలు. మొక్క మొదట్లో ఎండుగడ్డి పరవండి, కాండానికి మాత్రం బెత్తెడు ఎడంగా. దేవగన్నేరుకీ, కాగితంపూలకీ కూడా నేను ఇలాగే చేస్తున్నాను.