తారుమారు అక్షరాలు నాకు ఎలా లొంగాయంటే

మాది బరంపురం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. తెలుగు చదవడం అమ్మ దగ్గర నేర్చుకున్నదే. అందుకే అక్షరాలు తారుమారు చేసి పదం కనుక్కునే ఆటలో అక్క చేతిలో ఎప్పుడూ ఓడిపోయేదాన్ని. భలే టెన్షన్ పడేదాన్ని.

తప్పెక్కడో ఆలస్యంగా తెలిసింది. ఇచ్చిన వరుసలోనే పదేపదే చదివేదాన్ని, ఆ వరుసే నోటికి పట్టేసేది. ఇప్పుడు ఒక్కో అక్షరం ఒక్కో చీటీ మీద రాసి గుండ్రంగా పేరుస్తాను.

అసలు మేలు చేసింది మాత్రం చివరి నుంచి వెతకడం. ణ, ళ అక్షరాలతో మన మాటలు మొదలుకావు. రం, నం, ణం లాంటివి చాలాసార్లు చివరే ఉంటాయి. ఒకసారి 'ర, తా, ణం, వ, వా' వచ్చాయి. ణం చివర పెట్టాను. సంస్కృతం నుంచి వచ్చిన మాటల్లో ర, ష తర్వాత న తరచుగా ణ అవుతుంది: కారణం, భూషణం. కాబట్టి ణం ముందు ర పెట్టి చూశాను. 'రణం' కుదరగానే వాతావరణం కనిపించింది! కారణ, భూషణ ఒడియాలోనూ ఉన్న మాటలే. అడ్డం అనుకున్న భాషే నాకు సాయం చేసింది.

చిన్న పదాలకు తొందర పనికిరాదు. క, ల, ప ఇస్తే పలక, కలప రెండూ వస్తాయి. న, వ, ల అయితే నవల, వలన.

పోయిన వారం అక్క 'పు, రం, బ, రం' ఇచ్చింది. చీటీలు తీయకుండానే మా ఊరి పేరు చెప్పేశాను.