తొలకరికి రోడ్డు జారుతుంది, కారు మెల్లగా పోనివ్వండి
తొలకరి పడగానే చల్లగా ఉంది కదా అని కారు తొక్కేయకండి, ఎండాకాలమంతా రోడ్డు మీద పేరుకున్న ఆయిలు, దుమ్ము ఆ మొదటి జల్లుకి తేలి సబ్బు రాసినట్టు అయిపోతుంది, గట్టి వాన పడి కడిగేశాక కొంచెం నయం. హైవే మీద నీళ్లు నిలిచిన చోట స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోయిందంటే టైర్లు నీళ్ల మీద తేలుతున్నట్టే లెక్క, అప్పుడు సడన్ బ్రేక్ వెయ్యొద్దు, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పొద్దు, తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తీసేయండి, స్పీడు తగ్గేకొద్దీ టైరు మళ్లీ రోడ్డు పట్టుకుంటుంది. వానలో క్రూయిజ్ కంట్రోల్, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండానే కారు ఒకే స్పీడులో పోయేలా పెట్టేది, అసలొద్దు. ఇంకోటి, టైరు గ్రూవుల అడుగున చిన్న రబ్బరు దిమ్మెలు ఉంటాయి చూడండి, టైరు అరిగి వాటితో సమానం అయిందంటే లోతు 1.6 మిల్లీమీటర్లే మిగిలినట్టు, అంతవరకు ఆగకుండా వానలు మొదలయ్యేలోపే మార్పించేయండి ప్లీజ్.